బోరు నీళ్ళతో కడగకూడని కారు

2025 ఆగస్టు 20, బుధవారం. కోట.

కీర్తిశేషులు మేకల సమాధానం గారి భార్యను, ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా చేరి ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన మేకల ఏసుమణి అనే నేను, నా డెబ్బై నాలుగో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినదాన్ని దీనితో రద్దు చేస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక గుడి మెట్ల మీద, పాస్టరు గారి ముందు, నా కొడుకు రూఫస్ ఒక మాట అన్నాడు. "మాయమ్మకి మతి చలించినాది అయ్యగారూ. లేకుంటే ఈ వయసులో సెకండ్ హ్యాండు ఇటలీ కారు కొంటాదా?" మర్నాడే ఒక బ్రోకరును తీసుకొచ్చి నా కారు చూపించాడు. మతి లేని మనిషి కొన్న వస్తువును కొడుకు అమ్మవచ్చని అతనికి ఎవరో చెప్పారట. మతి లేని మనిషి రాసిన వీలునామా కూడా చెల్లదు. ఆ ఒక్క మాట నిలబడితే నేను ఎవరికి ఏమిచ్చినా ఇవ్వనట్టే. అందుకని తెలివి ఉందని ప్రకటించి ఊరుకోకుండా, లెక్క చేసి చూపిస్తున్నాను. సోపానాలు రాయకుండా జవాబు మాత్రం రాసినవాళ్ళకు నా క్లాసులో ఎప్పుడూ మార్కులు పడలేదు.

1. డబ్బు ఎక్కడిది. చిల్లకూరు దగ్గర హైవే పక్కన నా పేరున ఒక స్థలం ఉండేది. నా జీతంలో మిగిల్చి కొన్నది. కృష్ణపట్నం పోర్టుకు తిరిగే తన లారీలను అక్కడ పెట్టుకోవాలని రూఫస్ అనుకున్నాడు. అనుకున్నాడే గాని నన్ను అడగలేదు. నిరుడు ఫిబ్రవరిలో దాన్ని అరవై రెండు లక్షలకు అమ్మాను. కారుకు ముప్పై ఎనిమిది, రిజిస్ట్రేషను మార్పుకూ పన్నుకూ బీమాకూ ఐదు, మరమ్మతుల కోసం విడిగా తొమ్మిది, బ్యాంకు డిపాజిట్టు పది. అతని అసలు కోపం కారు మీద కాదు, స్థలం మీద. ఆ సంగతి గుడి మెట్ల మీద చెప్పలేదు గనుక ఇక్కడ నేను చెబుతున్నాను.

2. తరుగుదల. ఈ కారు 2012లో కొత్తగా కొన్నప్పుడు కోటీ అరవై లక్షలు. నేను కొన్న ధర ముప్పై ఎనిమిది. మధ్యలో ఆవిరైన కోటీ ఇరవై రెండు లక్షలు నావి కావు, కొత్తది కొన్న పెద్దమనిషివి. ఆయన ఎవరో నాకు తెలియదు, ఆయన మేలు కోరుతున్నాను. ఇకనుంచి దీని ధర ఏడాదికి రెండు లక్షలు తగ్గుతుందని వేశాను. మరమ్మతులకు ఏడాదికి మూడు. రూఫస్ పోయిన సంవత్సరం నలభై రెండు లక్షలు పెట్టి కొత్త పెద్ద కారు కొన్నాడు. ఈ రోజు అమ్మితే ముప్పై మూడు వస్తుందని అతని బ్రోకరే నా ముందు అన్నాడు. అతనికి ఒక్క ఏడాదిలో తొమ్మిది పోయింది, నాకు ఏటా ఐదు పోతుంది. మా ఇద్దరిలో ఎవరి మతిని పరీక్ష చేయించాలో చదివేవారే తేల్చుకోవచ్చు.

3. నమ్మకం. మద్రాసులో రెండు కార్లు చూశాను. తెల్లదాని ధర యాభై రెండు. పన్నెండేళ్ళలో ఆరు వేల కిలోమీటర్లే తిరిగింది. అమ్మే అతను దాని మీది గుడ్డ తీయడానికి కూడా చేతులు తుడుచుకున్నాడు. రెండోది ముదురు నీలం. అరవై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగింది, చేయించిన ప్రతి పనికీ బిల్లు ఉంది. రూఫస్ ఫోనులో, "కొంటే తెల్లది కొను, తిరగంది గదా" అన్నాడు. నేను నీలంది తీసుకున్నాను.

కారణం మా రొయ్యల గుంటలు. కరెంటు పోతే గుంటలో ఏరేటర్లు ఆగుతాయి, నీళ్ళలో గాలి చాలక తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి పైకి తేలుతాయి. అందుకే కరెంటు ఉన్నా సరే రోజూ కాసేపు జనరేటరు నడపాలని మా గుంటల దగ్గర నియమం పెట్టాను. డీజిలు దండగని రూఫస్ సణిగేవాడు. పక్క గుంటల హజరత్తయ్య కొత్త జనరేటరు కొని, అరిగిపోతుందని పట్టా కప్పి దాచాడు. తుపానుకు లైన్లు తెగిపడిన రోజు అది పలకలేదు. మాది ఒక్క గుంజుకు అందుకుంది. "టీచరమ్మా, మీ ముసలిది పాడతా ఉంది, నా పెళ్ళికూతురు నోరు తెరవలేదే" అని గట్టు మీద కూర్చుని ఆయన అన్నమాట నేను మర్చిపోలేదు. వాడకుండా దాచిన యంత్రానికి ధర నిలుస్తుంది, నమ్మకం నిలవదు. తిరిగినదానికి ధర పోతుంది గాని, ఏది ఎప్పుడు చెడుతుందో ముందే తెలుస్తుంది. నేను కొన్నది దాచుకోవడానికి కాదు.

4. రొయ్యల గుంటలు, వాటి దగ్గరి జనరేటరుతో సహా, నా కొడుకు రూఫస్‌కు. ఇల్లు కూడా అతనికే. బ్యాంకులోని పది లక్షలు కూడా అతనికే, అందులోంచి మాత్రం లక్షా ఎనభై వేలు తగ్గించి ఇవ్వాలి. తగ్గించినది మరమ్మతుల నిధిలో కలపాలి. కారణం రాస్తున్నాను. ఈ ఏప్రిల్లో కంటి ఆపరేషన్‌కు నేను నెల్లూరులో ఉండగా అతను నా కారును గుంటల బోరు నీళ్ళతో శుభ్రంగా కడిగించి, ఆరకముందే పట్టా కప్పించాడు. రొయ్యలు పెరిగే ఉప్పు నీళ్ళు అవి. నెల తర్వాత పట్టా తీస్తే చక్రాల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, బ్రేకులు పట్టేసి కారు కదల్లేదు. అమ్మ వచ్చేసరికి మెరుస్తూ ఉండాలని చేశాడని నాకు తెలుసు. అది తెలిసే అతన్ని ఒక్క మాట అనలేదు. బిల్లు మాత్రం వచ్చింది.

5. నీలం కారు నా మనవరాలు షారన్‌కు. రూఫస్ కూతురే, కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో ఇంజినీరు. మద్రాసులో కారు కిందికి దూరి నూనె కారుతోందేమో చూసి, చీర మీద మరక పడుతుంది వెనక్కి జరగమని నన్ను కసిరిన పిల్ల. మరమ్మతుల నిధి కూడా ఆమెకే. ఇప్పటికి నాలుగు లక్షల ఇరవై వేలు ఖర్చయి నాలుగు లక్షల ఎనభై వేలు మిగిలాయి. పైన చెప్పింది కలిపితే ఆరు లక్షల అరవై వేలు. నిధి లేకుండా ఈ కారు ఇవ్వడం శిక్ష వేయడమే అవుతుంది.

షరతులు: వారానికి ఒకసారైనా నడపాలి. పంచాయతీ మంచినీళ్ళతోనే కడగాలి. 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి, రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి. ఏ ఏడాది మరమ్మతు ఖర్చు కారు ధరలో నాలుగో వంతు దాటుతుందో ఆ ఏడాదే అమ్మేయాలి. అవ్వ జ్ఞాపకమని ఇనుమును నెత్తిన పెట్టుకోవద్దు. జ్ఞాపకం కావాలంటే డ్యాష్‌బోర్డు అరలో నా కళ్ళజోడు ఉంది, పాత నంబరుది, దాన్ని ఉంచుకో.

6. నా నాలుగు గాజులూ కోడలు జాయిస్‌కు. ఆ ఆదివారం సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి, "ఒక రౌండు నన్ను కూడా తిప్పుతారా అత్తయ్యా?" అని అడిగింది. తిప్పాను. చిన్నప్పుడు నాన్న సైకిలు మీద ఇట్లాగే గాలి కొట్టేదని చెప్పింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు చెప్పడం అదే మొదటిసారి. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. రూఫస్ నోరు మూయించగలిగిన మనిషి నా తర్వాత ఆమె ఒక్కతే.

7. మా మరిది హెన్రీకి, ఫియట్ కారు రెండో తాళం చెవి. మా ఆయన ఆ ఫియట్‌లోనే నాకు డ్రైవింగ్ నేర్పాడు. సముద్రం వైపు రోడ్డు మీద, పక్క సీట్లో కూర్చుని, నేను గేరు మార్చినప్పుడల్లా తన కాలితో లేని క్లచ్‌ను తొక్కేవాడు. ఆయన్ను భూస్థాపన చేసిన వారంలోనే హెన్రీ కారు అమ్మేశాడు. "ఆడమనిషివి నీకు కారెందుకొదినా, ఆటోలు ఉండాయి గదా" అన్నాడు. డబ్బు సక్రమంగా తెచ్చి ఇచ్చాడు, అందులో తేడా లేదు. ఈ తాళం చెవి అప్పుడు నా చేతి సంచిలో ఉండిపోయింది. ముప్పై ఒక్కేళ్ళు దాచాను. ఇక అతను దాచాలి.

8. మా ఆయన బైబిలు గుడికి కాదు, రూఫస్‌కు. అందులో అతను పుట్టిన రోజున తండ్రి రాసిన వాక్యం ఉంది. చదువుకోవాలి.

ఇక వెంటనే జరగవలసినవి:

1. నా మతి సరిగా ఉందని నెల్లూరు డాక్టరు గారు నిన్న పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్టును దీనికి జత చేయాలి.

2. శుక్రవారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దీన్ని రిజిస్టరు చేయించాలి. ఇందులో వాటా ఉన్నవాళ్ళెవరూ సాక్షి సంతకం పెట్టకూడదు, పెడితే వాళ్ళకు ఇచ్చింది చెల్లదు.

3. కారు అమ్మకానికి లేదని రూఫస్ తన ఫోనుతోనే బ్రోకరుకు చెప్పాలి.

4. కారు షెడ్డు దగ్గరికి మంచినీళ్ళ పైపు వేయించాలి. బోరు పైపు తీసేయించాలి.

5. శనివారం ఉదయం రూఫస్ వచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చోవాలి. కారు వచ్చి ఏడాదిన్నర అయినా అతను అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను నడుపుతాను. చిల్లకూరు దాకా వెళ్ళి, అమ్మేసిన ఆ స్థలం ముందు నుంచే తిరిగి వస్తాం. దిగాక కూడా నాకు మతి చలించిందనే అనిపిస్తే, మర్నాడు అవే మెట్ల మీద నిలబడి మళ్ళీ అనవచ్చు, నేను అడ్డుపడను. అనిపించకపోతే, అది కూడా అక్కడే, పాస్టరు గారి ముందే చెప్పాలి.

పై విషయాలన్నీ నేనే రాసి, నేనే చదువుకుని, సాక్షులిద్దరి ఎదుట సంతకం చేశాను.

మేకల ఏసుమణి
20-8-2025

సాక్షులు:
1. హజరత్తయ్య, రొయ్యల రైతు, కోట (జనరేటరు సంగతి నిజమని కూడా ఒప్పుకుంటూ)
2. వెంకటశేషమ్మ, రిటైర్డు తెలుగు టీచరు, కోట