పడితే ఎక్కడ ఆగుతాను?

ఓబర్‌లాయ్‌టెన్, టిరోల్
2025 మార్చి 31, సోమవారం ఉదయం

చిరంజీవి తమ్ముడు కాసియన్‌కు,

అక్క బుర్గి మనసారా దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మోకాలికి కొత్త కీలు వేయించుకున్న నువ్వు ఇన్స్‌బ్రుక్ ఆసుపత్రిలో బుద్ధిగా పడుకున్నావనీ, నర్సులను వరసలో నిలబెట్టి స్కీయింగ్ పాఠాలు చెప్పడం లేదనీ తలుస్తాను. శుక్రవారం మంచు పడింది. యాభై ఏళ్ళలో మొదటిసారి నా వాకిట్లో మంచు నేనే తోడుకున్నాను. నడుం పట్టేసింది కానీ, నిన్న జరిగినదాని ముందు అదొక లెక్క కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మధ్యలో అడ్డొస్తావు. ఈ ఒక్క సంగతి మొదలు నుంచి చివరిదాకా నేను చెప్పాలి, నువ్వు నోరు మూసుకుని వినాలి. కసాయి సెరాఫిన్ నీకు ఫోన్ చేసి తన వాటాగా నాలుగు కోతలు కలపకముందే నా నోటి నుంచి వినాలి.

నిన్న జంటల పందెంలో మన ఇంటి తరఫున మనవరాలు వ్రోనితో కలిసి దిగింది నేను. స్కీల మీద. నిలబడి. కింద పడకుండా. నమ్మకపోతే మళ్ళీ చదువుకో, నేను ఆగుతాను.

నవంబరులో డాక్టరు ఈ ఏడాది నిన్ను స్కీలు తొడగొద్దన్న రోజు సాయంత్రం నా మనవరాలు వంటింట్లోకి వచ్చింది. మేకుకు వేలాడుతున్న మన ఇంటి ఆవుగంట కేసి చూసింది. "అయితే చిన్న తాతయ్య దిగడు కాబట్టి ఈసారి మన గంట మోగదా అమ్మమ్మా?" అంది. సీజన్ చివరి ఆదివారం ప్రతి ఇంటి నుంచి ఒక పెద్దా ఒక చిన్నా ఒకే కర్ర చెరో కొస పట్టుకుని దిగాలి, దిగిన ఇంటి గంటే మోగాలి, దిగని ఇంటి గంట మూగగా ఉండాలి. ఏడేళ్ళ పిల్లకి అది ఎంత పెద్ద విషయమో నీకు తెలుసు. "నీ కాలు నొప్పి కాబట్టి నువ్వు కూడా దిగలేవు కదా అమ్మమ్మా" అని నాతో అంది. అని ఆగి, ఇప్పుడు కూడా నొప్పిగా ఉందా అని అడిగింది. చిన్నప్పుడు విరిగిన చీలమండ తడుముకుని చూసుకున్నాను. యాభై ఏళ్ళుగా అక్కడ ఏ నొప్పీ లేదు కాసియన్. ఆ పిల్లతో అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. "మోగుతుందిలే" అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడం నా చేత కాలేదు.

అరవై మూడేళ్ళ ముసలిదాన్ని, ఎక్కడ నేర్చుకోవాలి? మన ఊళ్ళోనా? ఇక్కడి గురువులంతా నీ శిష్యులు. గంటలో నీకు కబురందేది, నువ్వు కుంటుకుంటూ వచ్చి నా వెనక నిలబడేవాడివి. అందుకే ఇంకో లోయలో ఒక ఊరు ఎంచుకోవాలనుకున్నాను. ఆ పని నాకు కొట్టిన పిండి కదా! ముప్పై నాలుగేళ్ళు పర్యాటక కార్యాలయం కిటికీ వెనక కూర్చున్నదాన్ని. మొదటిసారి వస్తున్నాం, ఏ ఊరు మంచిదమ్మా అని ఎన్ని వేలమంది అడిగి ఉంటారో. ఎత్తు చూసుకోండి, మంచు చూసుకోండి, బాటల పొడవు చూసుకోండి అని అప్పజెప్పేదాన్ని. గట్టున కూర్చుని ఈత నేర్పడమంటే అదే.

జనవరి రెండో మంగళవారం, పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి, నా సలహా నేనే పాటించాను. మూడు వేల మీటర్ల ఎత్తు, రెండు వందల కిలోమీటర్ల బాటలు, మే నెల దాకా కరగని మంచు. ఆ ఊరి పేరు నీకెందుకులే, తప్పు ఊరిది కాదు. మనకు కొండలో ఏది గొప్పో అదే కొత్తవాళ్ళకు చావని మనవాళ్ళెవరికీ తట్టదు. మూడేళ్ళకే స్కీలు తొడిగిన జాతి కదా మనది, కింద పడటం ఎలా ఉంటుందో ఎవరికి గుర్తు?

నేర్చుకునే చోటు కొండ నడుమ ఉంది. గాలి చెంపలు వాయించింది. నీలం గుర్తు బాట అంటే సులువని నేను జీవితమంతా చెప్పిన ఆ నీలం బాట, మన కొట్టం పైకప్పు లాగా ఉంది. లాక్కెళ్ళే లిఫ్టు నన్ను రెండుసార్లు విసిరికొట్టింది. మూడోసారి లిఫ్టు నడిపే పెద్దాయన మిషను ఆపి, వచ్చి నన్ను లేవదీసి, "ఏ ఊరమ్మా నీది, హాలండా?" అన్నాడు. అవునన్నాను! టిరోల్‌లో పుట్టి, టిరోల్ పాలు తాగి పెరిగినదాన్ని, మన యాస బయటపడకుండా నోరు బిగబట్టి, హాలండ్ దాన్నని ఒప్పుకున్నాను. ఆయన జాలిపడి కేబుల్ కారు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. స్కీలు చంకలో పెట్టుకుని కేబుల్ కారులో కిందికి దిగాను. ఆ అవమానం ఏమిటో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సులో ఏడ్చాను. నీ పళ్ళకు ఏమైందక్కా, ముఖం అలా వాచిపోయిందని ఆ సాయంత్రం నువ్వు అడిగావు, గుర్తుందా? పన్ను పీకారన్నాను.

మర్నాటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో ఊరి కార్యాలయానికీ చేశాను. కిటికీ వెనక వాళ్ళు ఏ మాట వెనక ఏం దాస్తారో నాకు తెలియదా? "అన్ని స్థాయిలవారికీ అనుకూలం" అన్నారంటే కొత్తవాళ్ళ గురించి ఎవరూ ఆలోచించలేదని అర్థం. మన ఊరి కరపత్రంలో ఆ మాట రాసింది నేనే. అందుకని ఎత్తూ మంచూ ఏదీ అడగలేదు. ఒక్కటే అడిగాను: పడితే ఎక్కడ ఆగుతాను? ఒకామె నవ్వింది. ఒకాయన నన్ను బీమా వాళ్ళకు కలిపాడు. ఇంకొకామె మా ఊళ్ళో ఎవరూ పడరండీ అంది. ఏడో ఫోన్ మోస్‌వింకెల్‌కి. చిన్న ఊరు, లిఫ్టులు నాలుగే. అక్కడి మనిషి ఏదో నములుతూ, "మా పెద్దమ్మ కొట్టం గోడకి ఆగుతావు. గడ్డిమోపులు పెట్టాం, భయపడకు. ఇంతవరకు ఒకాయన మాత్రమే తలుపులోంచి లోపలికి పోయాడు, ఆవు ఏమీ అనలేదు" అంది.

ఆ క్షణమే నా ఊరు ఖాయమైపోయింది. నిజం చెప్పే ఊరిని వదులుకుంటానా?

మోస్‌వింకెల్‌లో నేర్చుకునే గడ్డినేల ఊరి నడిబొడ్డున, చర్చి పక్కనే ఉంది. పైకి తీసుకెళ్ళడానికి కదిలే తివాచీ. మధ్యాహ్నం దాకా ఎండ. కింద అంతా చదును, చివర కొట్టం, దాని పక్కన బెంచీ, బెంచీ మీద బార్లీ సూపు. నా గురువు పేరు జీటా. ఇరవై ఆరేళ్ళ పిల్ల, భుజాలు చూస్తే దున్నపోతుని ఎత్తేలా ఉంటుంది. కిటికీ వెనక ఇన్నేళ్ళూ అందరిచేతా మీరు మీరు అనిపించుకున్నదాన్నా, మొదటి నిమిషంలోనే "ఏయ్ బుర్గి, పిరుదులు లోపలికి! నాగలి పెట్టు, నాగలి! ముందు కొసలు దగ్గరికి, మడమలు దూరంగా!" అని కేకేసింది. వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక కొండ మీద అందరూ అందరికీ నువ్వే, మీరు అన్న మాట చెల్లదు కదా, ఏం అనగలను? పైగా చెప్పొద్దూ, ఆ నువ్వు అన్న మాటకే సగం వయసు తగ్గినట్టయింది.

ఆ రోజు ఒక సంగతి జరిగింది. తివాచీ మీద పైకి చేరాక కింద ఎవరి పిల్లాడో బోర్లా పడి గోల పెట్టాడు. జీటా అటు చూసింది కానీ కదల్లేదు. కేకేసి ఇంకో గురువుని పంపింది. వెళ్ళు, నేను నిలబడతాలే అన్నాను. అబ్బే, మా గురువు చంపేస్తాడు అంది. మొదటిసారి కొండెక్కినవాళ్ళను పైన ఒంటరిగా వదిలి ఒక్క అడుగు కూడా కదలకూడదట, ఆకాశం విరిగి పడ్డా సరే. ఎవరమ్మా నీ గురువు అన్నాను. ఓబర్‌లాయ్‌టెన్ కాసియన్ అంది. ఆ ఒక్క నియమం తప్పితే తరగతిలోంచే పంపేస్తాడట. ఎందుకలా అని ఎవరో అడిగితే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయావట.

నేను ఆయన అక్కనని చెప్పలేదు, అక్కడా హాలండ్ దాన్ననే చెప్పుకున్నాను. కళ్ళద్దాలు కిందికి లాక్కున్నాను.

ఆ తర్వాత తొమ్మిది మంగళవారాలు. గడ్డిమోపుల్లోకి ఎన్నిసార్లు పోయానో నీకు చెప్పను, ఆ ఆవు పేరు లీసల్ అని మాత్రం చెబుతాను. నాలుగో మంగళవారం ఆగడం వచ్చింది. ఆరో వారం తిరగడం. ఎనిమిదో వారం జీటా నన్ను అడవి పైనున్న నీలం బాటకు తీసుకెళ్ళింది. ముందు తను, వెనక నేను, గుండె గుప్పిట్లో పెట్టుకుని. సగం దారిలో తిరిగి చూస్తే నేను పాడుతున్నానట! నాకే తెలియదు. కిందికొచ్చాక ఆ పిల్ల నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పింది. "బుర్గీ, నువ్వు హాలండ్ దానివి కాదే, మేకవి!" అంది. ఇంత గొప్ప బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక నిన్నటి సంగతి. పందెం మొదలయ్యే చోట వ్రోని పక్కన నేను నిలబడగానే మైకు పట్టుకున్న మేయరు చెయ్యి ఊపాడు. "బుర్గి అక్కా, అక్కడ ఏం చేస్తున్నావు, చూడ్డానికొచ్చినవాళ్ళు కింద నిలబడాలి" అన్నాడు. కర్ర కొస పట్టుకో అన్నాను వ్రోనితో. సెరాఫిన్ పక్క నుంచి, అంబులెన్సుని పిలిచారా అని ఇకిలించాడు. వాడికి సమాధానం కిందికి దిగి చెబుదామనుకున్నాను.

దిగాం తమ్ముడూ! మొదటి జెండా, రెండో జెండా. మూడో దగ్గర వ్రోని "నాగలి అమ్మమ్మా, నాగలి!" అని అరుస్తోంది. పెట్టాను. అయిదో జెండా దాటాక మన గంట వినపడింది. నా కూతురు అగాథె రెండు చేతులతో పట్టుకుని మోగిస్తోంది, ఏడుస్తోంది, మోగిస్తోంది. ఇంక ఊరంతా మోగించారు. వేరే ఇంటి జంటకు తమ ఇంటి గంట మోగించడం ఈ ఊళ్ళో ఎప్పుడైనా చూశావా? నిన్న మోగాయి. ఇరవై మూడు జంటల్లో మేం ఇరవై రెండో వాళ్ళం. ఆఖరు ఎవరనుకున్నావు? సెరాఫిన్. నాలుగో జెండా దగ్గర నడుం విరిగేలా పడ్డాడు, కర్రతో పాటు మనవణ్ణి కూడా లాక్కుని. అంబులెన్సు కావాలా అని అడిగాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో గడ్డిమోపుల్లో పొర్లి మరీ నేర్చుకుని ఇంటికొచ్చి గెలిచాను.

ఈ ఉదయం కార్యాలయంలో కొత్త పిల్ల పక్కన కూర్చుని కరపత్రంలో ఆ పాత వాక్యం కొట్టేయించాను. మొదటిసారి వచ్చేవాళ్ళు పడితే మన ఊళ్ళో ఎక్కడ ఆగుతారో కొలిచి రాయమన్నాను. నిజం చెప్పాలంటే వాగులో ఆగుతారు. కాబట్టి ముందు అక్కడ కంచె వేయాలి. వచ్చాక అది నీ పని.

ఒళ్ళు జాగ్రత్త. మందులు మానకు. వ్రోని నీకు ముద్దులు పంపింది.

నీ మేలు కోరే,
అక్క
బుర్గి

తా.క. ఇది పైన రాయాల్సింది. చేయి రాక ఇక్కడిదాకా తెచ్చాను. నా కాలు నీ వల్ల విరగలేదు కాసియన్.

నాకు పదేళ్ళు, నీకు ఎనిమిది. నాన్న స్కీలు నాకు తొడిగి, కొట్టం వెనక మిట్ట మీదికి నువ్వే ఎక్కించావు. నన్ను వదిలి పారిపోయావని నాన్నతో చెప్పాను. నువ్వు పారిపోలేదు. నా చేతి తొడుగు గాలికి దొర్లిపోతే తేవడానికి దిగావు. నువ్వు అటు తిరగ్గానే భయమేసి స్కీలు విప్పేసి, వెనక వైపు నుంచి నడిచి దిగాను. కొట్టం మెట్టు మీద మంచుగడ్డకు కాలు జారి విరిగింది. స్కీల మీద ఒక్క గజం కూడా జారలేదు. పిరికిదాన్నని నలుగురూ నవ్వుతారని, నీ పేరు చెప్పాను.

నాన్న నిన్ను కొట్టాడు. నీ స్కీలు అటక మీద పెట్టి తాళం వేశాడు. ఆ శీతాకాలమే లోయ పిల్లల స్కీ జట్టును ఎంపిక చేశారు, నువ్వు లేకుండానే. నువ్వు ఒక్క మాట అనలేదు. నీ తప్పేననుకున్నావు. అప్పటి నుంచీ మంచు పడ్డ ప్రతి ఉదయం ఎవరూ లేవకముందే వచ్చి నా వాకిలి తోడిపోతున్నావు, నా కాలు మళ్ళీ జారకూడదని. శుక్రవారం పార పట్టుకున్నప్పుడు ఎంత బరువో తెలిసింది నాకు.

క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను. జీటాకు నేర్పిన నియమం మాత్రం మార్చకు, అది మంచి నియమం. నీ మోకాలు నయమయ్యాక మన కొట్టం వెనక మిట్ట మీదికి వెళ్దాం. ఈసారి నీ తొడుగు జారితే నేను దిగి తెస్తాను.