పసుపు కింద అంకెలు

శుక్రవారం, రాత్రి

కారుకి నాలుగూ కొత్త టైర్లు వేయించి, ఆయన అటునుంచి అటే పెదకాకాని గుడికి తీసుకెళ్లి పూజ చేయించుకొచ్చారు. సాయంత్రం తడిగుడ్డతో టైరు మీద పసుపు తుడుస్తుంటే కింద నాలుగు అంకెలు బయటపడ్డాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అన్నయ్య పోయాకే ఇది చదవడం నేర్చుకున్నాను. చివర పంతొమ్మిది అని ఉంది. కొట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు. మిగతా మూడూ అంతే.

"ఏవండీ, ఇవి పాతవి. తిరిగిచ్చేయండి" అన్నాను.

"నిమ్మకాయలు తొక్కించాక వాడు వెనక్కి తీసుకుంటాడా? గీతలు ఎంత లోతుగా ఉన్నాయో చూడవే! పొద్దున్నే వినుకొండ బాడుగ ఉంది, నా బుర్ర తినకు" అన్నారు.

అదే వినుకొండ దారిలో, ఇలాంటి ఎండల్లోనే అన్నయ్య కారు టైరు పేలింది. దాని గీతలూ అరగలేదు. రబ్బరు లోలోపల బీటలు వారిందని మెకానిక్ తర్వాత చెప్పాడు.

ఆయన నిద్రపోయారు. కారు తాళం నా దిండు కింద దాచాను. తెల్లారితే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తారు. ఎంతసేపు ఆపగలనో...

ఆ రోజు అన్నయ్యకి తాళం కనపడకపోతే, ఇల్లంతా గాలించి చేతికిచ్చింది వదినే. ఇప్పటికీ ఇంట్లో ఏది కనపడకపోయినా వదిన వెతకదు.