పేరు పెట్టి అడుగుతారని

అక్కకు, బావకు వందనాలు.

ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? కాఫీ పళ్ల కోతకు ఆమెను తీసుకెళ్లకండి. మన ఊళ్లో ఫోను అందదు కనుక ఉత్తరమే రాస్తున్నాను.

హైదరాబాదులో చలి మొదలైంది. మన చలిలో సగం కూడా లేదు. హాస్టల్ అన్నం అలవాటైంది. ఎవరైనా ఇటు వస్తే అంబలికి కాస్త చోడిపిండి పంపు.

పని బాగానే ఉందని కిందటిసారి రాశాను. ఇప్పుడు అలా రాయలేను.

మా ఆఫీసులో సింహాచలం అన్న అని ఉండేవాడు. విజయనగరం వైపు మనిషి. ఆయన ప్రోగ్రాం రాస్తే అందులో తప్పులు వెతకడం నా పని. నేను మాట్లాడనని రోజూ ఏడిపించేవాడు. "ఏటే గుంటా, మీ కొండమీద మాటలకి పన్నులేత్తారేటి?" అనేవాడు.

ఊళ్లు తిరిగే నర్సమ్మల కోసం ఒక యాప్ చేశాం. గర్భిణుల వివరాలు అందులో ఎక్కించాలి. ఆఫీసులో అంతా సరిగ్గా నడిచింది. కానీ చివరి రోజు నేను సిగ్నల్ ఆపి చూస్తే, ఎక్కించినదంతా పోయింది. కొండల్లో సిగ్నల్ నిలవదని, అక్కడే పుట్టిన నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

యాప్ పంపేముందు మీటింగులో మేనేజర్ "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అందరినీ అడిగాడు. మన ఊరి కూటంలో పెద్దలు పేరు పెట్టి పిలిచేదాకా చిన్నవాళ్లం నోరెత్తం కదా. నన్నూ పిలుస్తారని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. అందరూ లేచి వెళ్లిపోయారు.

రెండు వారాల వివరాలు పోయాయి. నర్సమ్మలు మళ్లీ కొండలెక్కి ఇల్లిల్లూ తిరుగుతున్నారట. తప్పు సింహాచలం అన్నదేనని ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

సోమవారం మీటింగులో ఎవరూ అడగకుండానే లేచి ఉన్నది చెప్పాను. "చదువు, పని ఉంటే చాలదమ్మా, చెప్పాల్సినప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు మేనేజర్. అన్నను మళ్లీ తీసుకోలేదు. నా సంగతి నెలాఖరుకు తేలుస్తారట.

సాయంత్రం అన్నకు ఫోన్ చేసి, నాకు ముందే తెలుసని చెప్పాను.

"నా ఉద్యోగం పోనాక బేగే సెప్పినావు గుంటా" అని ఫోన్ పెట్టేశాడు.

అమ్మకు ఇవేవీ చెప్పకు. పాస్టరుగారికీ పెద్దలందరికీ నా వందనాలు. ఆదివారం ప్రార్థనలో ముందు సింహాచలం అన్న పేరు చెప్పండి. ఇద్దరు పిల్లలున్నారు. నా పేరు తర్వాత.

నీ చెల్లెలు,
మరియమ్మ