వెనక్కి పంపిన కీబోర్డు

జూన్ 9, సోమవారం
మళ్లీ ఉంది. టెస్టింగ్‌కు నా బల్ల మీదికి వచ్చిన మ్యూజిక్ కీబోర్డులో మెమరీ తుడిచే ముందు ప్లే నొక్కాను — అదే వరస. బతుకమ్మ పాటలో ముందు ఒకరు పాడే ముక్క. మిగతావాళ్లు అందుకోవాల్సిన చోట ఆగిపోయింది. కీలు బిగించే బల్ల దగ్గర మహేశ్ తప్ప ఇంకెవరు వాయిస్తారు!
రెండుసార్లు విని తుడిచేశాను. తుడవకుండా ప్యాకింగ్‌కు పంపకూడదు. తుడవబుద్ధి కాదు.

జూన్ 10
టీ దగ్గర అడిగేశాను. "గా పాట నువ్వేనా పెట్టేది?"
"కీలు పనిచేస్తున్నయా లేవా చూస్తున్న, అంతే." నవ్వు మాత్రం దాచుకోలేదు. బెల్లంపల్లి వాళ్లందరూ ఇంతేనా, సగం చెప్పి వదిలేస్తారా...

జూన్ 12
మహేశ్‌కు దుబాయ్ వీసా వచ్చిందట. శనివారమే ఇక్కడ ఆఖరి రోజు. ప్యాకింగ్‌లో ఉండే లక్ష్మక్క చెప్పింది. "నీకెందుకే గంత పరేషాన్?" అని కూడా అంది.
మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగాలి, నేను చూడాల్సింది అదే. ఇవాళ అన్నీ ఒకేలా వినపడ్డాయి. మళ్లీ మొదటి కీ నుంచి చూశాను.
పెద్దపల్లి బస్సులో అదే ఆలోచన. నోటితో చెప్పలేను, టీ దగ్గర అందరి చెవులూ మా మీదే. వాయించి చెప్పాలి. కానీ కీబోర్డులు అతని బల్ల నుంచి నా బల్లకు వస్తాయి, నా నుంచి ప్యాకింగ్‌కు పోతాయి. వెనక్కి పోయేది ఒక్కటే — పాడైంది.

జూన్ 13
చేసేశాను. ఏ లోపమూ లేని కీబోర్డుకు ఎర్ర స్టిక్కర్ అంటించాను. 'నడిమి కీ పట్టేస్తోంది' అని రాశాను. శుద్ధ అబద్ధం. అతని ముక్క మొదటి ట్రాక్‌లో అలాగే ఉంచి, రెండో దాంట్లో నా వంతు వాయించాను — అందరూ అందుకునే ముక్క. తొందరలో ఒకచోట తప్పు పడింది. పడనీ.
సూపర్‌వైజర్ ఖాజా భాయ్ తీసుకుపోతూ, "మహేశ్ బిగించింది రిజెక్టా? పోయేముందు పోరనికి గిదేం మచ్చ!" అన్నాడు.
ఆ సంగతే తట్టలేదు నాకు.

జూన్ 14, శనివారం
మధ్యాహ్నం తిరిగొచ్చింది. ఖాజా భాయ్ నా బల్ల మీద పెట్టి, "మహేశ్ మొత్తం ఇప్పి చూసిండు. దీంట్ల ఏం లేదన్నడు. జర మంచిగ చూడు రజితా" అన్నాడు.
ప్లే నొక్కాను. ఖాళీ. అతనిదీ లేదు, నాదీ లేదు. బాగుచేసినవాళ్లు తుడిచే పంపాలి, రూలే అది. విని తుడిచాడా? వినకుండానే తుడిచాడా?
అక్కడ అందరూ అతనితో చేతులు కలుపుతున్నారు. మహేశ్, ఒక్కసారి ఇటు చూడు. చూశాడేమో... నేనే తల దించుకున్నాను.
దీంట్ల ఏం లేదు.

జూన్ 16
అతని బల్ల ఖాళీ. ఆ కీబోర్డు ఇంకా నా దగ్గరే. ఎర్ర స్టిక్కర్ గోటితో గీకితే సగమే ఊడింది.
లక్ష్మక్క ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. "అది పాసా, ఫెయిలా? ఏదో ఒకటి చెప్పవే."
రేపు చెప్తానన్నాను.