ఖాళీ గిన్నెతో పరీక్ష

బిలాస్‌పూర్,
సోమవారం.

చిరంజీవి ప్రత్యూషకు నానమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మా నాన్నా నేనూ క్షేమం. విశాఖలో నువ్వూ, మాధవీలత పిన్నీ క్షేమమని తలుస్తాను. నా క్షేమంలో కొంత దాచాను, అది చివర రాస్తాను. నీకు తెలుగు నేర్పింది నేనే కాబట్టి కూడబలుక్కునైనా నువ్వే చదువుకో. పిన్ని చేత చదివించుకోకు. ఫోన్ చేయవచ్చు కానీ, కోపంగా ఉన్నప్పుడు నేను ఫోన్ ముట్టుకోను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ నాన్నకు ఈ వారం నైట్ డ్యూటీ. పగలు కిటికీలు మూసి పడుకుంటున్నాడు. నీ కరివేపాకు మొక్క చిగురు వేసింది. నా కాలి పుండు మానుతోంది. "నేను చేసిన పట్టకారు వాడుతున్నావా నానమ్మా?" అని అడిగావు. దానికి ఒక్క మాటలో జవాబు రాదు.

శుక్రవారం పొద్దున మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా ఫోన్ నా ముందు పెట్టాడు. "అమ్మా, ప్రత్యూష ఆ డిజైన్ స్కూలుకి పంపింది ఇదేనట. చూడు, అన్నీ నీ చేతులే!" అని మురిసిపోయాడు. చూశాను. ఉప్పు డబ్బా మూతతో తంటాలు పడుతున్న చేతులు. కాఫీ గ్లాసును రెండు వైపులా పట్టుకున్న చేతులు. సూదిలో దారం ఎక్కక ఆగిపోయిన చేతులు. కింద ఇంగ్లీషులో రాశావు: "వినియోగదారు: డెబ్బై మూడేళ్ల స్త్రీ. చేతివణుకు ఉంది. ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచుకుంటుంది."

రైల్వే స్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఆ వాక్యం నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. దాచుకుంటున్నానని కనిపెట్టినదానివి, దాచుకోనివ్వాలని నీకు తోచలేదా?

దసరా సెలవుల నుంచి రోజూ టిఫిన్ వేళకు వంటింట్లో పీట వేసుకుని కూర్చునేదానివి. "ఊరికే నానమ్మా, నీ దగ్గర బాగుంటుంది" అనేదానివి. ఫోన్ పట్టుకుని ఉంటే స్నేహితులతో మాట్లాడుతున్నావనుకున్నాను. పైసా తేడా రాకుండా ఇంటి పద్దు రాసేదాన్ని, నువ్వు నా దగ్గర గడిపిన ఆ పొద్దులను మాత్రం తప్పు ఖాతాలో రాసుకున్నాను. అవి ప్రేమ అనుకున్నాను. నువ్వు చేసింది హోమ్‌వర్క్.

ఆ ఫోటోలను మీ నాన్న గర్వంగా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి పక్క క్వార్టర్ అప్పయమ్మ వచ్చి కూర్చుంది.

"ఏటి శాంతమ్మగారూ, సేతులు వణుకుతున్నాయంట! మాకు సెప్పనేదేటి? అచ్ఛా, అందుకేనా మొన్న మా ఇంటికొచ్చి కాఫీ వద్దన్నారు? కాఫీ బాగోనేదేమోనని నేను మా కోడల్ని తిట్టీసినాను!"

"మనవరాలికి నా చెయ్యి పాఠమైందిలెండి" అన్నాను.

"మీ పేరు కూడా ఏసిందా?"

"లేదు."

"ఇన్నాళ్లు కూకోని సూసి, పేరెయ్యనేదా! ఇదేం గుంటమ్మా!"

నన్ను నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు, వచ్చే ఆదివారం ఆ స్కూలువాళ్లు వీడియోలో నాతో మాట్లాడతారని, "పట్టకారు చాలా బాగుందని చెప్పు నానమ్మా, నా సీటు నీ చేతిలోనే ఉంది" అని రాశావు. అది ఫ్యాక్టరీల్లో తయారయ్యే వస్తువులకు రూపం ఇవ్వడం నేర్పే చోటనీ, నచ్చిన వస్తువును గిన్నెల కంపెనీ వాళ్లు తయారుచేసి అమ్ముతారనీ కూడా రాశావు. ఆ మాట చదివాకే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఇక్కడి లింగియాడీహ్ బస్తీలో బంగార్రాజు షాపులో వెల్డింగ్ చేయించి, నువ్వే రబ్బరు పిడి తొడిగి ఆ పట్టకారు తెచ్చిన రోజు గుర్తుందా? ఖాళీ గిన్నె ఇచ్చి ఎత్తమన్నావు. ఎత్తాను. చెయ్యి వణకలేదు. "బ్రహ్మాండంగా ఉందే" అన్నాను. నువ్వు గంతులు వేశావు. అదే "పరీక్షలో నెగ్గింది" అని రాసి పంపావు.

నువ్వు ప్రవేశ పరీక్షకని విశాఖ వెళ్లిన మర్నాడు దానితో అన్నం వార్చాను. గిన్నె నిటారుగా ఉన్నంతసేపూ పట్టు బాగానే ఉంది. వంచేసరికి లావు పిడి నా మణికట్టును తిరగనివ్వలేదు. అంచు జారింది. మరిగే గంజి ఎడమ పాదం మీద పడింది. చెప్పు కరిచిందని మీ నాన్నతో అబద్ధం చెప్పాను. నీకు తెలిస్తే దిగులుపడి పరీక్ష పాడుచేసుకుంటావని ఊరుకున్నాను.

నా చేతులను అన్ని పనుల్లోనూ చూశావు, గంజి వార్చడం ఒక్కటి తప్ప. ఎలా చూస్తావు? మీరెవరూ లేవకముందే వార్చేసేదాన్ని. వణుకు అప్పుడే ఎక్కువగా బయటపడుతుంది మరి. నువ్వు చాటుగా చూశావు, నేను చాటుగా వార్చాను. మన ఇద్దరి చాటు కలిసి ఆ పట్టకారయింది. అది దుకాణాలకెక్కితే ఎందరు ఆడవాళ్ల పాదాలు కాలతాయో ఆలోచించు.

అందుకని, ఆదివారం వీడియో ముందు కూర్చుంటాను. బాగుందని మాత్రం చెప్పను. గిన్నె నిండా చన్నీళ్లు పోసి, నీ పట్టకారుతో వాళ్లందరి ముందూ వంచి చూపిస్తాను. చెయ్యి వణుకుతుంది, వణకనీ. అందువల్ల నీకు సీటు పోవచ్చు. పోకూడదంటే, నేను చూపించకముందే తప్పు ఎక్కడుందో నువ్వే వాళ్లకు చెప్పు. తర్వాత ఇంటికి వచ్చి తెల్లవారుజామున నాతోపాటు లే. పీట వేసుకుని కూర్చో. చూస్తున్నానని చెప్పి చూడు.

నా కోపం ఇంకా తగ్గలేదు. వేళకు భోంచెయ్యి.

ఇట్లు,
నీ కాగితంలో పేరు లేని స్త్రీ,
నీ నానమ్మ
శాంతాదేవి