నీ మినీవ్యాన్ ఎందుకో తెలిసింది

తమ్ముడూ రఘూ,

రోజూ రాసుకునే పుస్తకంలో ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియక నీకు రాస్తున్నాను.

నువ్వు పోయి నెలయింది. నీ ఫోన్ ఇంకా ఆపించలేదు. పొద్దున అది మోగింది. తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లలకు కొన్నాళ్లు ఉండే ఇళ్లు వెతికే, ఇక్కడి కౌంటీ ఆఫీసావిడ. నేనే నువ్వనుకుని, "మీ అప్లికేషన్ ఓకే అయింది. ఒక పాప ఉంది, సాయంత్రం తీసుకురావచ్చా?" అంది.



"పెళ్లి కూడా లేదు, మోరిస్‌విల్‌ ఊళ్లో ఒంటిగాడికి మినీవ్యాన్ ఎందుకురా?" అంటే, "పిల్లల్ని స్కూల్లో డ్రాప్ చేయాలిగా అన్నయ్యా" అని నవ్వేవాడివి. జోక్ అనుకున్నాను. నువ్వు శనివారాలు వెళ్లే ట్రైనింగ్ నీ ఆఫీసుదనుకున్నాను. నాకొక్క మాట చెప్పలేదేంరా?

నువ్వు లేవని చెప్పడానికే నోరు తెరిచాను.

"పాపకి ఎన్నేళ్లండీ?" అని అడిగాను.