ఎడారి మడిలో నాట్లు

అక్కకు, నేను కులాసాగా ఉన్నాను.

మా పంపుల షెడ్డు వెనక ఎడారి ఇసుకలో బంకమట్టి కలిపి ప్రయోగంగా వరి వేస్తున్నారు. నిన్న నాటిన నారంతా నీళ్లమీద తేలింది. ఆ మడి చూసే ఆఫీసరు తల పట్టుకుంటే, నేనే బూట్లు విప్పి దిగి, వేరు దగ్గర మట్టి అదిమి నాటి చూపించాను. నిలబడింది.

“పంపు మెకానిక్కువి, నీకెవరు నేర్పారయ్యా?” అన్నాడాయన.

“మా అక్కండీ. నా వంతు కూడా తనే నాటేది. నేను గట్టుమీద కూర్చుని చూసేవాణ్ణి.” చెబుతూనే ఇంకో వరస నాటేశాను.

కోతదాకా నన్ను ఆ మడి పనికే వేశారు, వచ్చే నెల రాలేను. అమ్మకి నువ్వే నచ్చజెప్పు. కోతకి ఎన్నాళ్ల ముందు నీళ్లు తీసేయాలో రాయి. నీ నడుం నొప్పి ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

కార్డు మీద మరకలకి కంగారుపడకు, బురద చేత్తోనే రాశాను.

నీ తమ్ముడు